నోటీసు బోర్డు తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నది?

రైల్వేలో గాని, తపాలా శాఖలో గాని పాతికేళ్లకు పైబడి పనిచేసిన మిత్రులందరికీ కార్యాలయ వరండాలోని నోటీసు బోర్డు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఇనుప జాలీ తలుపు, దానికొక చిన్న తాళం. ఆ తాళం చెవి హెడ్ క్లర్కు సొరుగులో ఉండేది. సీనియారిటీ జాబితా అయినా, బదిలీ ఉత్తర్వు అయినా, క్వార్టర్ల కేటాయింపు అయినా సంతకంతో, తేదీతో ఆ జాలీ వెనుకకు చేరేది. అందులో తప్పు దొర్లితే తిన్నగా వెళ్లి అడగటానికి ఒక మనిషి ఉండేవాడు. కాలం చెల్లిన కాగితాన్ని తీయకపోతే మన శాఖా కార్యదర్శి వెళ్లి నిలదీసేవాడు.

నేడు ఆ బోర్డు స్థానాన్ని వెబ్‌సైట్ ఆక్రమించింది. ఉత్తర్వు అక్కడే, ఫారం అక్కడే, ఖాళీల ప్రకటన అక్కడే, పెన్షన్ నిబంధన అక్కడే. కాని తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికీ తెలియదు. కార్మిక సంఘ పత్రికలో ఈ విషయాన్ని చర్చించవలసిన అవసరమేమిటని కొందరు మిత్రులకు తోచవచ్చు. జీతభత్యాలు, ఖాళీల భర్తీ, పని గంటలు వంటి పెద్ద సమస్యలు ఉండగా వెబ్‌సైట్ గొడవ మనకెందుకని వారు అడగవచ్చు. ఆ పెద్ద సమస్యలన్నింటికీ సంబంధించిన ఉత్తర్వులు ఈ చిన్న తెర మీదుగానే మన దగ్గరకు వస్తున్నాయని మా సమాధానం.

మేము పనిచేస్తున్న కోల్‌కతా నగరం సంగతి చూడండి. ఫెయిర్లీ ప్లేస్‌లో తూర్పు రైల్వే, గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే, వాటికి తోడు 2010 డిసెంబరులో ప్రత్యేక జోన్ హోదా పొందిన మెట్రో రైల్వే, ఇలా ఒకే నగరంలో మూడు జోన్ల ప్రధాన కార్యాలయాలు ఉన్నాయి. 1868 నుండి నిలిచి ఉన్న జనరల్ పోస్టాఫీసు గోపురం ఉన్నది. యోగాయోగ్ భవన్‌లో తపాలా సర్కిల్ కార్యాలయం ఉన్నది. ఇక్కడికి నూటపదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి తెలుగు కార్మిక కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఆనాటి రైల్వే కార్మికుల పోరాటాలకు వి.వి. గిరి గారు నాయకత్వం వహించిన చరిత్ర మన పాఠకులకు విదితమే. ఇన్ని కార్యాలయాలు, ఇన్ని వేల కుటుంబాలు ఉన్నచోట ఒక్క పాత పేజీ చేసే నష్టం సామాన్యమైనది కాదు.

కొంతకాలం క్రిందట మా సంఘ కార్యాలయానికి ఒక వృద్ధురాలు వచ్చింది. ఖరగ్‌పూర్ ప్రాంతపు తెలుగు కుటుంబం. భర్త కేంద్ర ప్రభుత్వోద్యోగం చేసి, రిటైరై, మరణించాడు. ఆయన ఏ శాఖలో పనిచేశారో, ఆ కార్యాలయమేదో ఇక్కడ చెప్పబోము. మా వాదం ఒక్క కార్యాలయం మీద కాదు. కుటుంబ పెన్షన్ కోసం కొడుకు ప్రభుత్వ వెబ్ పేజీ నుండి ఫారం దించి, శ్రద్ధగా నింపి, తల్లిని వెంటబెట్టుకుని లోకల్ బండిలో హౌరాకు వచ్చాడు. కౌంటరులోని ఉద్యోగి ఫారం చూసి, ఇది పాతదని తిరిగి ఇచ్చాడు. 1972 నాటి కేంద్ర పెన్షన్ నిబంధనల స్థానంలో 2021లో కొత్త నిబంధనలు వచ్చాయి. వాటితోపాటు ఫారాలు కూడా మారాయి. ఆ కుర్రవాని చేతికి చిక్కినది 1972 నిబంధనల నాటి ఫారం. పాతది పేజీలో అట్లాగే ఉన్నది. అది చెల్లదని చెప్పే మాట ఒక్కటి కూడా దాని మీద లేదు.

ఆ తల్లి మూడుసార్లు కోల్‌కతాకు రావలసి వచ్చింది. నాలుగు నెలల ఆలస్యంతో పెన్షన్ మొదలైంది. బకాయి వచ్చింది కాని, ఆ నాలుగు నెలలు ఇల్లు గడవటానికి తెచ్చిన అప్పుకు వడ్డీ ఎవరూ ఇవ్వలేదు. "వాళ్ల బోర్డు మీద ఉన్న కాగితమే కదా బాబూ తీసుకెళ్లాం, మాది తప్పెలా అయింది?" అని ఆమె మమ్మల్ని అడిగింది. కౌంటరులోని ఉద్యోగిని తప్పుపట్టలేము. పేజీ మార్చే అధికారం అతనికి లేదు. అతను సెక్షన్‌ను అడిగాడు; సెక్షన్ వారు కంప్యూటర్ విభాగాన్ని అడగమన్నారు; ఆ విభాగం వారు కాంట్రాక్టరుకు చెప్పామన్నారు. ప్రతివారూ మరొకరి వైపు వేలు చూపారు.

ఇప్పుడు మన వృత్తిలోని నియమాలను ఒకసారి గుర్తు చేసుకుందాం. రైల్వేలో సాధారణ నియమాల పుస్తకం ఇచ్చిన ప్రతి ఉద్యోగి దానిని దిద్దుబాట్లతో సహా సరిగా ఉంచుకోవాలని, డ్యూటీలో ఉన్నప్పుడు అందుబాటులో పెట్టుకోవాలని 1976 నాటి ఆ నియమాల రెండవ అధ్యాయమే శాసిస్తున్నది. కరెక్షన్ స్లిప్పు రాగానే కత్తిరించి, బంక పూసి, ఆ నియమం పక్కన అతికించాలి. ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు స్టేషన్ మాస్టరును గాని, గేట్‌మన్‌ను గాని పుస్తకం చూపమని అడుగుతాడు. స్లిప్పు అతికించకపోతే సంజాయిషీ తప్పదు. ఇందులో అన్యాయమేమీ లేదు. పాత నియమం ప్రకారం సిగ్నల్ ఇస్తే బండ్లు ఢీకొంటాయి, ప్రాణాలు పోతాయి.

తపాలా శాఖలోనూ అంతే. ప్రతి ఉదయం ముద్రలో తేదీ మార్చి, అచ్చు సరిగా పడుతున్నదో లేదో చూసుకున్న తరువాతనే పని మొదలవుతుంది. తేదీ ముద్ర పడని ఉత్తరం బయటికి పోరాదు. జరిగిన పొరపాట్లు వ్రాయటానికి ఎర్రర్ బుక్ ఉంటుంది. ఎవరు చేశారు, ఏమి చేశారు, ఎట్లా సరిదిద్దారు అన్నది అందులోకి ఎక్కుతుంది.

పల్లెలోని లెవల్ క్రాసింగ్ గేటు దగ్గర, మారుమూల బ్రాంచి పోస్టాఫీసులో అమలు జరిగే ఈ క్రమశిక్షణ, ఉత్తర్వులిచ్చే పై కార్యాలయాల వెబ్ పేజీలకు ఎందుకు వర్తించదు? గేట్‌మన్ పుస్తకంలో స్లిప్పు లేకపోతే అది నేరం. పై కార్యాలయం పేజీలో రద్దయిన సర్క్యులర్ ఏళ్ల తరబడి ఉంటే అది ఎవరి నేరమూ కాదు. ఈ అసమానతే మా ఫిర్యాదు.

చట్టాలు లేవా అంటే, కావలసినన్ని ఉన్నాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షన్, ఎవరూ అడగకముందే ప్రతి ప్రభుత్వ కార్యాలయం పదిహేడు అంశాలను తనంత తానుగా ప్రకటించాలనీ, ఏటేటా వాటిని తాజా పరచాలనీ చెబుతున్నది. ప్రకటించే పద్ధతిలో స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని కూడా ఆ సెక్షనే నిర్దేశిస్తున్నది. 2013 ఏప్రిల్‌లో కేంద్ర సిబ్బంది శాఖ దీని అమలు గురించి విపులమైన ఆదేశాలిచ్చి, బయటివారి చేత తనిఖీ చేయించాలన్నది. ప్రభుత్వ వెబ్‌సైట్ల కొరకు ప్రత్యేక మార్గదర్శక సూత్రాలు 2009లో మొదటిసారి వెలువడ్డాయి, 2018లో సవరించబడ్డాయి, 2023లో మూడవ రూపం దాల్చాయి. విషయాన్ని ఎవరు వ్రాయాలి, ఎవరు సరిచూడాలి, ఎవరు ఆమోదించాలి, ఎప్పుడు పాత దస్త్రాలలోకి చేర్చాలి అన్నది ప్రతి శాఖ ముందుగా నిర్ణయించుకోవాలని అవి చెబుతున్నాయి. వెబ్‌సైట్‌కు బాధ్యుడైన అధికారి ఒకరు ఉండాలనీ, ఆయనను సంప్రదించే దారి పేజీలో ఉండాలనీ చెబుతున్నాయి. కాగితం మీద ఇంతకంటే ఏమి కావాలి?

లోపించినది పనిచేసే చేయి. ఇక్కడ మన కార్మికోద్యమ చరిత్రలోని ఒక ఘట్టాన్ని తలచుకోవటం అవసరం. 1960ల చివర ఈ నగరంలోనే, ఇలాకో హౌస్‌లో, జీవిత బీమా సంస్థ కంప్యూటర్‌ను స్థాపించబోగా ఉద్యోగులు రాత్రింబగళ్లు కాపలా కాసి అడ్డుకున్నారు. యంత్రం వచ్చి మనిషి కూడు తీస్తుందన్నది ఆనాటి భయం. ఆ భయం నిరాధారమని అనలేము. అయితే యంత్రం వచ్చింది. రైలు రిజర్వేషన్ మొదలు పోస్టాఫీసు పొదుపు ఖాతా దాకా అన్నీ దానిలోకి పోయాయి. మనమూ నేర్చుకున్నాం, దానితోనే పనిచేస్తున్నాం. యంత్రంతో పుట్టిన కొత్త పనికి కొత్త పోస్టులు మంజూరు కాకపోవటమే మనం ఆనాడు పూర్తిగా ఊహించని సంగతి.

వెబ్‌సైట్ నిర్వహణ ఎట్లా జరుగుతున్నదో చాలా కార్యాలయాలలోని మన మిత్రులకు తెలుసు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనో, జనరల్ సెక్షన్‌లోనో ఉన్న ఒక క్లర్కుకు తన పనికి తోడు 'వెబ్‌సైట్ కూడా చూడు' అని ఒక మాట చెబుతారు. ఆ మాటకు పోస్టు లేదు, గంటలు లేవు, శిక్షణ లేదు. అతను బదిలీ అయిననాడు పాస్‌వర్డ్ అతనితో వెళ్లిపోతుంది. లేదా పని మొత్తాన్ని కాంట్రాక్టుకు ఇస్తారు. పేజీ రంగులు మార్చటం ఆ కుర్రవాళ్లకు బాగా వచ్చు. కాని ఏ సర్క్యులర్ ఏ సర్క్యులర్‌ను రద్దు చేసిందో వారికి తెలియదు, తెలుసుకోమని ఎవరూ చెప్పరు. వారినీ మేము నిందించము. వారు మనకంటే తక్కువ వేతనానికి, తక్కువ భద్రతతో పనిచేస్తున్న శ్రామికులు. నిబంధన తెలిసిన ఉద్యోగికి సమయం ఇవ్వరు, సమయం ఉన్న కాంట్రాక్టు కార్మికునికి నిబంధన చెప్పరు. ఈ రెంటి మధ్య పేజీ కుళ్లిపోతున్నది.

దీని ఫలితం మొదట పడేది కౌంటరు మీదనే. రైలు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుండి 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించారు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేశారు. అదే ఏడాది అక్టోబరు 1 నుండి స్పీడ్ పోస్టు ఛార్జీలు మార్చారు. ఇట్లాంటి మార్పు వచ్చినప్పుడల్లా ఎక్కడో ఒక మూల పేజీలో పాత లెక్క మిగిలిపోతే, పౌరుడు ఆ లెక్కను ఫోనులో పట్టుకుని వచ్చి కౌంటరు ముందు నిలబడతాడు. 'మీ సర్కారే ఇట్లా వ్రాసింది, నువ్వు ఎక్కువ అడుగుతున్నావేమిటి?' అంటాడు. పేజీ దిద్దనివాడు ఎక్కడో చల్లని గదిలో ఉంటాడు. మాటలు పడేది మన బుకింగ్ క్లర్కు, మన పోస్టల్ అసిస్టెంటు.

ఇక ఉద్యోగి భవిష్యత్తునే నిర్ణయించే సంగతి చూద్దాం. ఏకీకృత పెన్షన్ పథకం 2025 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. జాతీయ పెన్షన్ వ్యవస్థలో ఉన్న కేంద్ర ఉద్యోగులు అందులోకి మారదలిస్తే జూన్ 30లోగా తెలపాలన్నారు. తరువాత ఆ గడువు సెప్టెంబరు 30కి, ఆ పైన నవంబరు 30కి పొడిగించబడింది. ఒకే విషయానికి ఎనిమిది నెలలలో మూడు తేదీలు. ఆ పథకంపై మన అభిప్రాయం వేరే సంగతి. పాత పెన్షన్ కోసం మన పోరాటం కొనసాగుతూనే ఉన్నది. కాని ఎంపిక చేసుకోవలసిన ట్రాక్‌మన్‌కు మొదటి తేదీ ఉన్న కాగితం మాత్రమే కనిపిస్తే, గడువు దాటిందని ఊరుకోడా? రాత్రి డ్యూటీ దిగి, చిన్న ఫోనులో వెతికే మనిషికి మూడు సర్క్యులర్లలో ఏది చివరిదో చెప్పే బాధ్యత ఎవరిది?

ఆ బాధ్యతను వదిలించుకునే ఏర్పాటు కూడా ఉన్నది. అనేక ప్రభుత్వ వెబ్‌సైట్ల షరతుల పేజీలో, ఇందలి సమాచారాన్ని చట్టప్రకటనగా భావించరాదనీ, సందేహముంటే శాఖను సంప్రదించి సరిచూసుకోవాలనీ వ్రాసి ఉంటుంది. అనగా, వెబ్‌సైట్ చూసుకోమని ఉద్యోగిని ఆజ్ఞాపించే కార్యాలయమే, వెబ్‌సైట్‌ను నమ్మితే తనకు సంబంధం లేదంటున్నది. నియమాలు తెలియవని ఉద్యోగి చెబితే చెల్లదు. సరైన నియమం పేజీలో పెట్టలేదని కార్యాలయం చెబితే చెల్లుతున్నది. ఇంత ఏకపక్షమైన ఒప్పందాన్ని ఏ కార్మిక సంఘమూ అంగీకరించలేదు.

మరొక ప్రమాదం పాతవి మిగిలిపోవటం కాదు, పాతవి మాయమైపోవటం. కొత్త వెబ్‌సైట్ తయారు చేసినప్పుడల్లా పాత ఉత్తర్వులు కొన్ని కనుమరుగవుతాయి. వాల్తేరు డివిజన్ మిత్రులకు దీని ప్రాముఖ్యం వేరే చెప్పనక్కరలేదు. 2003 ఏప్రిల్ 1న తూర్పు తీర రైల్వే ఏర్పడేవరకు వారు గార్డెన్ రీచ్ క్రింద ఉన్నవారే. దక్షిణ తీర రైల్వేను 2019లో ప్రకటించారు. 2025 జనవరి 8న విశాఖపట్నంలో దాని ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగింది. ఒక్క ఉద్యోగి సర్వీసు కాలంలోనే అతని డివిజన్ ఇన్ని చేతులు మారినప్పుడు, పాత సీనియారిటీ జాబితా ఏ వెబ్‌సైట్‌లో వెతకాలి? పదోన్నతి వివాదం ఇరవై ఏళ్ల నాటి జాబితా మీద ఆధారపడినప్పుడు ఆ జాబితా దొరకకపోతే న్యాయం కూడా దొరకదు. పాతదానిని తీసివేయమని మేము కోరటం లేదు. ఇది పాతది, ఫలానా తేదీన రద్దయినది, దీని స్థానంలో వచ్చినది ఇదీ అని ముద్ర వేసి భద్రపరచమంటున్నాము.

చదవగలిగేటట్లు ఉంచటం కూడా నిర్వహణలో భాగమే. సంతకం చేసిన కాగితాన్ని వంకరగా ఫోటో తీసి పేజీలో పెడితే పని అయిపోయిందనుకుంటున్నారు. ఆ ఫోటోలో మాట వెతకలేము. చూపులేని ఉద్యోగికి పేజీని చదివి వినిపించే యంత్రం దాని ముందు మూగబోతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాలలో కనీసం నాలుగు శాతం వారికి ప్రత్యేకించింది. ఉద్యోగం ఇచ్చి ఉత్తర్వు చదవనీయకపోవటం ఎట్టి న్యాయం? ఈ ప్రమాణాలు ఐచ్ఛికంగా ఉండరాదనీ, తప్పనిసరి కావాలనీ 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవటం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో మరొక తీర్పులో స్పష్టం చేసింది.

భాష మాట కూడా చెప్పుకోవాలి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వ నిర్ణయించింది. కాని ఖరగ్‌పూర్ తెలుగు వితంతువు కేంద్ర కార్యాలయపు ఫారం నింపాలంటే నేటికీ ఇంగ్లీషు తెలిసినవారి గుమ్మం ఎక్కవలసిందే. యంత్రానువాదం వచ్చింది, ఇక మనిషితో పనిలేదని కొందరంటున్నారు. యంత్రం సాయం తీసుకోవటానికి మాకు అభ్యంతరం లేదు. కాని రన్నింగ్ స్టాఫ్‌ను పరుగెత్తే సిబ్బందిగాను, ఖాళీ పోస్టును ఖాళీ ఉత్తరంగాను మార్చే అనువాదాన్ని నమ్మి ఏ ఉద్యోగి దరఖాస్తు పెట్టుకోగలడు? సరిచూసి సంతకం చేసే మనిషి ఉండితీరాలి.

ఆత్మవిమర్శ లేని విమర్శ మన సంప్రదాయం కాదు. మన సంఘాల పేజీలు కూడా ఆదర్శప్రాయంగా లేవు. పదవీ విరమణ చేసిన నాయకుల పేర్లు, ఎప్పుడో ముగిసిన మహాసభల ఆహ్వానాలు మన బోర్డులపైన కూడా వేలాడుతున్నాయి. వాట్సాప్‌లో వచ్చిన సగం నిజాన్ని సరిచూడకుండా ముందుకు పంపే అలవాటు మన కార్యకర్తలకు లేదనలేము. యాజమాన్యాన్ని అడిగేముందు ప్రతి శాఖ తన పేజీని ఈ నెలలోనే సరిచేసుకోవాలని మేము కోరుతున్నాము.

ఈ సందర్భంగా, 1952 నుండి రైల్వేలో నడుస్తున్న పి.ఎన్.ఎం. సమావేశాలలోను, 1966లో ఏర్పడిన జె.సి.ఎం. వేదికలపైన ఈ క్రింది కోర్కెలను ప్రతి స్థాయిలో లేవనెత్తాలని శాఖలకు విజ్ఞప్తి చేస్తున్నాము.

1. ప్రతి పేజీ మీద చివరిసారి సరిచూసిన తేదీ, బాధ్యుడైన అధికారి హోదా, తిరిగి సరిచూడవలసిన తేదీ ఉండాలి.

2. రద్దయిన ప్రతి సర్క్యులర్‌పై ఆ సంగతి వ్రాసి, దాని స్థానంలో వచ్చినదానికి దారి చూపాలి. దేనినీ మాయం చేయరాదు.

3. ఉత్తర్వులను ఫోటోలుగా కాక, వెతకటానికి, చదివి వినిపించటానికి వీలైన అక్షర రూపంలో పెట్టాలి.

4. కుటుంబ పెన్షన్, వైద్యం, పాసులు, కారుణ్య నియామకం వంటి ఫారాలు సిబ్బంది మాట్లాడే భాషలలో ఉండాలి.

5. ఈ పనికి ప్రత్యేకమైన పోస్టులు మంజూరు చేసి, నిబంధనలు తెలిసిన ఉద్యోగులకు శిక్షణ ఇచ్చి, ఆ గంటలను డ్యూటీగా లెక్కించాలి.

6. పోస్టాఫీసు ఎర్రర్ బుక్ వలె ప్రతి వెబ్‌సైట్‌కు తప్పుల రిజిస్టరు ఉండాలి. తప్పు చూపినవారికి ఏడు రోజులలో జవాబివ్వాలి. ఆరు నెలలకొకసారి సంఘ ప్రతినిధి సమక్షంలో తనిఖీ జరగాలి.

7. అన్నింటికంటే ముఖ్యంగా, అధికారిక పేజీలో ఉన్నదానిని నమ్మి నడుచుకున్న ఉద్యోగికి గాని, పెన్షనరుకు గాని ఆ కారణంగా నష్టం కలుగరాదు. పాత ఫారంతో వచ్చినా మొదట సమర్పించిన తేదీనే పరిగణించాలి.

ఈ ఏడవ కోర్కె సాధిస్తే మిగిలిన ఆరూ వాటంతట అవే నడుస్తాయని మా విశ్వాసం. పేజీలోని తప్పుకు కార్యాలయమే మూల్యం చెల్లించవలసి వచ్చిననాడు దానిని దిద్దటానికి పోస్టులూ దొరుకుతాయి, గంటలూ దొరుకుతాయి.

1946 జూలైలో తపాలా, టెలిగ్రాఫ్ ఉద్యోగులు సమ్మె చేసినప్పుడు, జూలై 29న కలకత్తా నగరమంతా వారికి బాసటగా సమ్మె చేసి నిలిచిపోయింది. ఆనాడు వార్తను మోసినవి చేతితో పంచిన కరపత్రాలు. ఆ కరపత్రం ఎవరు వ్రాశారో, ఎవరు అచ్చు వేశారో, ఎవరు పంచారో కార్మికునికి తెలుసు, అందుకే నమ్మాడు. ప్రభుత్వ పేజీ మీద కూడా ఆ మాత్రపు జవాబుదారీ ఉండాలని అడగటం గొంతెమ్మ కోరిక కాదు. గేట్‌మన్ తన పుస్తకంలో స్లిప్పు అతికించినట్లే పై కార్యాలయం తన పేజీలో అతికించాలి. నోటీసు బోర్డు తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నదో పేరు చెప్పి మరీ మనకు చూపించాలి. అంతవరకు అడుగుదాం, అందరం కలిసి అడుగుదాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!